తల ఒకటే, పట్టే చేతులు ఆరు: లీష్మానియాలో ప్రొటీన్ తయారీ మొదలయ్యే తీరు

లీష్మానియా డోనోవాని అనే ఏకకణ పరాన్నజీవి ఇసుక ఈగ పేగులో ఉన్నంత కాలం దాని చుట్టూ ఉండే వేడి సుమారు 26 డిగ్రీల సెల్సియస్. అక్కడ అది కొరడాలాంటి పొడవాటి కశాభంతో ఈదుతూ బతుకుతుంది. ఆ ఈగ మనిషిని కుట్టినప్పుడు చర్మంలోకి దిగిన జీవిని మన రక్షక కణాలైన మాక్రోఫేజ్‌లు మింగేస్తాయి. సాధారణంగా సూక్ష్మజీవులు చచ్చి జీర్ణమైపోయే చోటు అది. లీష్మానియా మాత్రం అక్కడే కాపురం పెడుతుంది. 37 డిగ్రీల వేడికి, 5.5 పీహెచ్ దగ్గర ఉండే ఆమ్లత్వానికి తట్టుకుని, కశాభాన్ని దాదాపుగా లోపలికి ముడుచుకుని, గుండ్రటి చిన్న రూపంలోకి మారి, తనను మింగిన కణంలోనే విభజన చెందుతుంది. ఇది ఒక్క ఆకారం మారడంతో జరిగే పని కాదు. లోపల తయారయ్యే ప్రొటీన్ల జాబితా మారాలి: కొన్నిటి తయారీ ఆగాలి, కొన్నిటిది పెరగాలి, వేడికి ప్రొటీన్లు ముద్దకట్టకుండా కాపాడే సహాయక ప్రొటీన్లు వెంటనే అందుబాటులోకి రావాలి.

ఇలాంటి మార్పు అవసరమైనప్పుడు చాలా జీవులు జన్యువుల దగ్గరే పని మొదలుపెడతాయి. కావలసిన జన్యువు ముందు ఉండే ప్రత్యేక డీఎన్‌ఏ భాగానికి నియంత్రక ప్రొటీన్లు అతుక్కుని ఆ జన్యువు నకలును, అంటే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను, ఎక్కువగా తీయిస్తాయి. అక్కరలేని జన్యువును మూసేస్తాయి. లీష్మానియాకు, దాని బంధువులైన ట్రిపనోసోమాలకు ఆ సౌకర్యం దాదాపుగా లేదు. వాటి జన్యువులు పదులు, కొన్నిచోట్ల వందల సంఖ్యలో ఒకే వరుసలో పేర్చి ఉంటాయి, వరుస మొత్తం ఒక్క ఊపున నకలు అవుతుంది. ఒక జన్యువును పలికించి పక్కదాన్ని మౌనంగా ఉంచడం ఆ దశలో కుదరదు. కనుక ఏ ప్రొటీన్ ఎప్పుడు ఎంత తయారవాలన్న నిర్ణయం నకలు తీసిన తర్వాతి దశలకు జరిగిపోయింది: మెసెంజర్ ఎంతసేపు చెక్కుచెదరకుండా ఉంటుంది, ప్రొటీన్లను పేనే యంత్రమైన రైబోజోమ్ దాన్ని చదవడం మొదలుపెడుతుందా లేదా అన్న రెండు ప్రశ్నలకు. వీటిలో రెండో ప్రశ్నకు ఈ జీవులు కనుగొన్న జవాబు చాలా విస్తారమైనది. ఈ పరాన్నజీవులను 'ఆదిమ' జీవులని పిలిచే అలవాటు పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. ప్రొటీన్ తయారీ ప్రారంభాన్ని దగ్గరగా చూసినవారు ఆ మాటను మళ్లీ వాడలేరు.

ముందు మన కణాల్లో ఈ ప్రారంభం ఎలా జరుగుతుందో తెలిస్తే తేడా ఎక్కడుందో స్పష్టమవుతుంది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలోని సందేశాన్ని ప్రొటీన్‌గా మార్చే ప్రక్రియను అనువాదం అంటారు. మెసెంజర్ ముందు కొసకు ఒక రసాయన టోపీ, అంటే మిథైల్ సమూహం తగిలించిన గ్వానోసిన్, తలకిందులుగా అతికి ఉంటుంది. దీన్నే క్యాప్ అంటారు. వెనుక కొసకు అడెనిన్‌ల పొడవాటి తోక ఉంటుంది. టోపీని ఇఐఎఫ్-4ఇ అనే ప్రొటీన్ పట్టుకుంటుంది. దానికి ఇఐఎఫ్-4జి అనే పెద్ద ప్రొటీన్ తగులుకుంటుంది. ఆ పెద్ద ప్రొటీన్ ఒక చేత్తో ఇఐఎఫ్-4ఎ అనే ముడులు విప్పే ఎంజైమును, మరో చేత్తో తోకను పట్టుకుని ఉన్న ప్రొటీన్‌ను అందుకుంటుంది. దాంతో మెసెంజర్ తల, తోక దగ్గరై వలయంలా ఏర్పడుతుంది. ఇంతలో మరోవైపు రైబోజోమ్ చిన్న ఖండం తన సరంజామాతో సిద్ధమవుతుంది: ఇఐఎఫ్-2 అనే కారకం శక్తినిచ్చే జీటీపీ అణువును, మొదటి అమైనో ఆమ్లమైన మిథియోనిన్‌ను మోసే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏను వెంటబెట్టుకొచ్చి అందులో కూర్చుంటుంది. ఈ చిన్న ఖండం ఇఐఎఫ్-3 అనే మరో కారకం ద్వారా ఇఐఎఫ్-4జికి తగులుకుని టోపీ దగ్గర మెసెంజర్ మీదికెక్కి, ఒక్కొక్క అక్షరాన్నే తడుముకుంటూ ముందుకు సాగుతుంది. ఏయూజీ అనే మూడక్షరాల సంకేతం దొరికినచోట ఆగుతుంది. జీటీపీ విరుగుతుంది, ప్రారంభక కారకాలు రాలిపోతాయి, పెద్ద ఖండం వచ్చి కూడుకుంటుంది. అక్కడి నుంచి గొలుసు పేనడమే పని.

ఈ వరుసలో కణం చేయి పెట్టి ఆపగల చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి టోపీని పట్టే అడుగు. మన కణాల్లో 4ఇ-బీపీ అనే చిన్న ప్రొటీన్లు ఇఐఎఫ్-4ఇని కౌగిలించుకుని దానికి ఇఐఎఫ్-4జి తగలకుండా చేస్తాయి. పోషకాలు సమృద్ధిగా ఉన్నప్పుడు వాటి మీద ఫాస్ఫేట్లు చేరి ఆ పట్టు సడలుతుంది. రెండోది ఇఐఎఫ్-2 అడుగు. ఒక మిథియోనిన్‌ను దింపిన తర్వాత ఇఐఎఫ్-2 తనలో జీటీపీ విరగగా మిగిలిన జీడీపీని వదిలి కొత్త జీటీపీని అందుకోవాలి. అందుకు ఇఐఎఫ్-2బి సాయం చేస్తుంది. ఒత్తిడి వేళ కొన్ని కైనేజ్ ఎంజైములు ఇఐఎఫ్-2 ఆల్ఫా భాగం మీద ఒక ఫాస్ఫేట్‌ను అతికిస్తాయి. అలా మారిన ఇఐఎఫ్-2 తన సహాయకుడినే వదలకుండా బిగబట్టేస్తుంది, దానితో కణం మొత్తంలో కొత్త ప్రారంభాలు తగ్గిపోతాయి. పరాన్నజీవుల్లోనూ ఈ రెండు అడుగులూ ఉన్నాయి. వాటిని ఎవరు, ఏ అవసరానికి మలుచుకున్నారన్నదే ఇక్కడి విషయం.

లీష్మానియా మేజర్, ట్రిపనోసోమా బ్రూసీ, ట్రిపనోసోమా క్రూజీ అనే మూడు జాతుల జన్యుపటాలు 2005లో ఒకేసారి వెలువడ్డాయి. లీష్మానియా మేజర్‌లో 36 క్రోమోజోములు, ఎనిమిది వేలకు పైగా ప్రొటీన్ జన్యువులు ఉన్నట్టు తేలింది. మన జన్యువుల్లో విస్తారంగా ఉండే ఇంట్రాన్లు, అంటే నకలు తీశాక కత్తిరించి పారేసే మధ్య భాగాలు, వీటిలో దాదాపు లేవు. అయినా కత్తిరించి అతికించే యంత్రాంగం ఉంది, నిత్యం పనిచేస్తూనే ఉంది. అది చేసే పని వేరు. వరుసగా నకలైన పొడవాటి ఆర్‌ఎన్‌ఏను ఒక్కో జన్యువు దగ్గర తెగ్గోసి, ప్రతి ముక్క తలకూ వేరేచోట విడిగా తయారైన సుమారు 39 అక్షరాల ఒకే తునకను అతికిస్తుంది. స్ప్లైస్డ్ లీడర్ అని దాని పేరు. ఆ తునక తన టోపీని తనతోనే తెచ్చుకుంటుంది. ఆ టోపీ మన టోపీ కాదు. గ్వానోసిన్‌కు తోడు ఆ తర్వాత వచ్చే నాలుగు అక్షరాలకు కూడా మిథైల్ సమూహాలు తగిలించి ఉంటాయి కాబట్టి దీన్ని క్యాప్-4 అంటారు. మన మెసెంజర్లలో ఇలాంటి అలంకారం మొదటి ఒకటి రెండు అక్షరాలను దాటదు.

దీని పర్యవసానాన్ని ఒక్కసారి ఆలోచించాలి. కణంలోని ప్రతి మెసెంజర్ తల మరో మెసెంజర్ తలలాగే ఉంటుంది. రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజులన్నిటికీ మొదటి పేజీ ఒకే విలువగల స్టాంపు కాగితమైతే, ఆ పేజీ చూసి ఏది అమ్మకమో ఏది తనఖానో చెప్పలేరు. లోపలి పేజీలు తిరగేయాలి. లీష్మానియాలో తోకకు ముందు ఉండే భాగం, అంటే ప్రొటీన్ సందేశం ముగిసిన తర్వాత వచ్చే అనువాదం కాని భాగం, ఆ లోపలి పేజీలాంటిది. ఏ మెసెంజర్‌ను ఎప్పుడు వాడాలన్న సూచనల్లో చాలా భాగం అక్కడే రాసి ఉంటుంది. చదవడం ముందు కొసన మొదలవుతుంది, ఆజ్ఞ మాత్రం వెనుక కొసన ఉంటుంది. ఈ రెండు కొసలను కలిపేది టోపీని పట్టే ప్రొటీన్ల సమూహమే.

ఆ ప్రొటీన్లను వెతికినప్పుడే అసలైన ఆశ్చర్యం ఎదురైంది. మనలో టోపీని పట్టి అనువాదాన్ని నడిపే ప్రధానమైన ఇఐఎఫ్-4ఇ ఒక్కటే. దాని బంధువులు ఒకటి రెండు ఉన్నా అవి పక్క పాత్రలు. రొట్టె పిండిని పులియబెట్టే బేకరీ ఈస్ట్‌లోనూ ఒకటే. లీష్మానియాలో, ట్రిపనోసోమాలో అవి ఆరు. వాటికి జోడీలు కాగల ఇఐఎఫ్-4జిలు అయిదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో ఉన్న ఫియోక్రూజ్ పరిశోధకులు, ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ విశ్వవిద్యాలయంలో మిఖాల్ షపీరా బృందం ఈ కుటుంబాన్ని ఒక్కొక్కరినీ విడదీసి చూస్తూ రెండు దశాబ్దాలకు పైగా శ్రమించారు. వారి పనివల్ల తేలిందేమిటంటే ఈ ఆరూ ఒకదానికొకటి నకళ్లు కావు. నాలుగో రకం 4ఇ, అయిదు 4జిలలో మూడోదానితో జోడీ కట్టి రోజువారీ అనువాదంలో ఎక్కువ భాగాన్ని మోస్తుంది. దాని శరీరానికి ముందు ఒక పొడవాటి పొడిగింపు ఉంటుంది, దానితో మెసెంజర్ వెనుక కొసను పట్టుకున్న ప్రొటీన్‌ను అది నేరుగా అందుకుంటుంది. మనలో ఆ పని 4జిది. తల, తోకలను కలపాలన్న సూత్రం మారలేదు. ఎవరి చేయి ఎవరి చేతిలో ఉండాలన్నది మారింది. ఆ పొడిగింపు మీద కణవిభజన, పెరుగుదల దశలను బట్టి ఫాస్ఫేట్లు చేరడం, పోవడం కూడా జరుగుతుంది.

మూడో 4ఇ నాలుగో 4జితో జతకడుతుంది. పోషకాలు కరువైనప్పుడు అది కణద్రవంలో గుంపులుగా చేరి, వాడని మెసెంజర్లను దాచే రేణువుల్లో కనబడుతుంది. రెండోది ట్రిపనోసోమాలో హిస్టోన్ (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్) మెసెంజర్లలోని కాండంలాంటి మడతను పట్టే ప్రొటీన్ తరహా జోడీతో కనిపించింది. అయిదో, ఆరో రకాలు ఆకారంలో చిన్నవి. వాటి సమూహాల్లో టోపీని తయారుచేసే ఎంజైములను పోలిన ప్రొటీన్లు కూడా దొరికాయి. టోపీ తెగిపోయిన మెసెంజర్లకు మళ్లీ టోపీ పెట్టే పని అక్కడ జరుగుతుందేమోనన్న ఊహకు అది ఆధారం. మొదటి రకం సంగతి మరీ వేరు. దానికి 4జి జోడీ ఎవరూ కనబడలేదు. దాని బదులు 4ఇ-ఐపీ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుంటుంది. మన 4ఇ-బీపీలతో వంశ సంబంధమేమీ లేకపోయినా ఇది కూడా అదేచోట పట్టుకోవడం గమనించదగిన విషయం.

ఈ మొదటి రకం మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే మాక్రోఫేజ్‌లో జీవి బతుకు దీనితో ముడిపడి ఉంది. వేడి 26 నుంచి మన ఒంటి వేడికి పెరిగినప్పుడు లీష్మానియాలో అనువాదం మొత్తంమీద తగ్గిపోతుంది. నాలుగో 4ఇ, మూడో 4జి కలిసి కట్టే ప్రధాన సమూహం ఆ స్థితిలో బలహీనపడుతుంది. మొదటి 4ఇ మాత్రం మాక్రోఫేజ్ రూపంలోనూ చెదరకుండా ఉండి, టోపీని పడుతూ, 4జి లేకుండానే ఇఐఎఫ్-3తో నేరుగా సంబంధం పెట్టుకోగలదని ప్రయోగాలు సూచించాయి. ఇఐఎఫ్-3 అంటే రైబోజోమ్ చిన్న ఖండానికి అతుక్కుని వచ్చే కారకమే కనుక ఇది రాజబాటను తప్పించి పొలం గట్టున ఇంటికి చేరడం లాంటిది. జన్యుకత్తెరతో ఈ మొదటి రకాన్ని తొలగించిన లీష్మానియా చచ్చిపోలేదు గాని కశాభం సరిగా పెరగక, మాక్రోఫేజ్‌లలో నిలదొక్కుకునే శక్తి తగ్గి కనిపించింది. అంటే ఆరింటిలో ఒకటి లేకపోతే తక్కినవి కొంతవరకు సర్దుకుంటాయి, పూర్తిగా కాదు.

వేడి పెరిగినప్పుడు అనువాదం తగ్గుతుందంటే అన్నిటిదీ తగ్గుతుందని అర్థం కాదు. హెచ్‌ఎస్‌పీ-83 అనే రక్షక ప్రొటీన్ తయారీ సరిగ్గా అప్పుడే పెరుగుతుంది. దాని మెసెంజర్ సంఖ్యను పెంచే దారి జన్యువు దగ్గర లేదని పైన చూశాం. మరి పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చింది? ఆ మెసెంజర్ వెనుక అనువాదం కాని భాగంలో పిరిమిడిన్ అక్షరాలు (సి, యు) గుత్తిగా ఉండే ఒక చోటు ఉంది. తక్కువ వేడిలో అది చుట్టుపక్కల అక్షరాలతో జతకట్టి మడతపడి ఉంటుంది. క్షీరదాల ఒంటి వేడి దగ్గర ఆ మడత తేలిగ్గా కరుగుతుంది. కరిగినప్పుడే ఆ మెసెంజర్ అనువాదానికి ప్రాధాన్యం వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ తానే థర్మామీటరులా పనిచేస్తోందన్నమాట. ఇంతా చేసి రైబోజోమ్ ఈ మెసెంజర్ మీద కూడా ముందు కొస నుంచి తడుముకుంటూనే ఏయూజీని చేరుతుంది, ఏ అడ్డదారిలోనో లోపలికి దూకదు. వైరస్‌లు వాడే అంతర్గత ప్రవేశ మార్గం లాంటిదేదో ఇక్కడ ఉండాలన్న తొలి అనుమానం దీనితో వీగిపోయింది. వెనుక కొసన కరిగిన మడత ముందు కొసన ప్రారంభాన్ని ఎలా ప్రోత్సహిస్తుందన్న ప్రశ్నకు జవాబు, పైన చెప్పిన టోపీ, తోకల వలయంలోనే ఉండాలి.

నిద్రజబ్బుకు కారణమయ్యే ట్రిపనోసోమా బ్రూసీలోనూ ఇదే కథ మరో రూపంలో నడుస్తుంది. దాని పైపొరను కప్పే ప్రొటీన్లను మాత్రం ప్రత్యేకంగా మరో పాలిమరేజ్ (నకలు తీసే ఎంజైము) నకలు తీస్తుంది, అందుకే అక్కడ జన్యువు దగ్గరే నియంత్రణకు కొంత వీలుంది. తక్కిన వేల జన్యువులకు ఆ వీలు లేదు. 2014లో వెలువడిన రైబోజోమ్ ప్రొఫైలింగ్ అధ్యయనాలు, అంటే ఒకానొక క్షణంలో ఏ మెసెంజర్ మీద ఎన్ని రైబోజోమ్‌లు కూర్చున్నాయో లెక్కగట్టే పరీక్షలు, ఒకే మోతాదులో ఉన్న మెసెంజర్ల మధ్య కూడా అనువాద సామర్థ్యం ఎన్నో రెట్లు తేడాగా ఉందని, జీవి క్షీరద రక్తంలో నుంచి ట్సెట్సీ ఈగలోకి మారినప్పుడు ఆ సామర్థ్యాలు కూడా మారుతున్నాయని చూపాయి. రెండో నియంత్రణ చోటైన ఇఐఎఫ్-2 కూడా ఈ జీవుల్లో కొంత వింతగా ఉంది. మన ఇఐఎఫ్-2 ఆల్ఫాలో ఫాస్ఫేట్‌ను తీసుకునేది 51వ స్థానంలోని సెరిన్. ట్రిపనోసోమాలో ఆ భాగానికి ముందు అదనపు పొడుగు ఉండటం వల్ల అదే చోటు 169వ స్థానానికి జరిగింది, అక్కడ సెరిన్ బదులు త్రియోనిన్ ఉంది. ఫాస్ఫేట్‌ను అతికించే మూడు కైనేజ్‌లలో ఒకటి కశాభం మొదట్లో ఉండే చిన్న గుంట పొరలో నాటుకుని ఉంటుంది. బయటి నుంచి పోషకాలు లోపలికి వచ్చే ద్వారం అదే. పరిసరం గురించిన కబురు అందుకోవడానికి అంతకంటే అనువైన చోటు ఆ కణంలో లేదు.

మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఈ కుటుంబానికి చెందింది కాదు. దీనికి స్ప్లైస్డ్ లీడర్ లేదు, ఆరు 4ఇలు లేవు, జన్యువులు ఒక్కొక్కటిగానే నకలవుతాయి. అయినా దోమకూ మనిషికీ మధ్య ప్రయాణం దీనికి కూడా తప్పదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో దోమ పొట్ట గోడ మీద నల్లని రేణువులతో కనిపించిన గుండ్రటి కణాలను చూసినప్పుడు ఆ ప్రయాణానికి మొదటి ఆధారం దొరికింది. రాస్ చూసిన ఆ గుండ్రటి కణాల్లోనే స్పోరోజోయిట్లు, అంటే మనిషికి అంటుకునే రూపాలు, వేల సంఖ్యలో పుట్టి, దోమ లాలాజల గ్రంథులకు చేరి, దోమ మళ్లీ కుట్టేదాకా రోజుల తరబడి ఎదురుచూస్తాయి. ఎదురుచూడటమంటే కాలేయంలో అవసరమయ్యే ప్రొటీన్లను ముందుగానే తయారుచేయకుండా ఉండటం. ఐకే-2 అనే కైనేజ్ అక్కడ ఇఐఎఫ్-2 ఆల్ఫాకు ఫాస్ఫేట్‌ను అతికించి అనువాదాన్ని అణచిపెడుతుంది. ఎలుకల్లో మలేరియాను కలిగించే జాతిలో ఈ కైనేజ్‌ను తొలగిస్తే స్పోరోజోయిట్లు దోమ గ్రంథుల్లో ఉండగానే కాలేయ దశ రూపంలోకి మారడం మొదలుపెట్టి, తర్వాత అంటుకునే శక్తిని కోల్పోయాయి. తొందరపడటమే వాటికి చేటు అయింది.

ఎదురుచూపుకు ప్లాస్మోడియం వాడే రెండో పద్ధతి మరింత నేరుగా ఉంటుంది. మనిషి రక్తంలోని ఆడ బీజమాతృకణం, దోమ కడుపులో చేరాక కావలసిన పీ-25, పీ-28 అనే పైపొర ప్రొటీన్ల మెసెంజర్లను ముందే తయారుచేసి, డోజీ అనే హెలికేజ్ (ముడులు విప్పే తరహా ఎంజైము) తోడుతో కట్టి పక్కన పెడుతుంది. దోమ కడుపులో వేడి తగ్గి, అక్కడ ఉండే క్షాంథురెనిక్ ఆమ్లం తగిలిన తర్వాతే ఆ మూటలు విప్పుకుంటాయి. డోజీ లేకపోతే ఆ మెసెంజర్లు నిలవవు, సంయుక్తబీజం ముందుకు సాగదు. మన రక్తంలో ఆ ప్రొటీన్లు ముందే బయటపడితే మన రోగనిరోధక వ్యవస్థ వాటిని గుర్తుపట్టే అవకాశం ఉండేది. దోమలో సంక్రమణను అడ్డుకునే టీకాలకు ఈ ప్రొటీన్లనే లక్ష్యంగా ఎంచుకోవడానికి కారణం కూడా మన శరీరం వాటిని సహజంగా ఎప్పుడూ చూడకపోవడమే.

ప్లాస్మోడియం ఫాల్సిపేరం జన్యుపటం 2002లో వెలువడింది. దానిలో అడెనిన్, థైమిన్ అక్షరాల వాటా దాదాపు 80 శాతం.  మెసెంజర్ల ముందుభాగాలు పొడవైనవి కనుక వాటిలో ఏయూజీ యాదృచ్ఛికంగా పడే అవకాశం ఎక్కువ. తడుముకుంటూ వచ్చే రైబోజోమ్ అసలు సందేశానికి చేరకముందే దొంగ ఏయూజీల దగ్గర ఆగి, చిన్నచిన్న అర్థంలేని పెప్టైడ్‌లను పేని రాలిపోతుంది. ఈ అడ్డంకిని జీవి ఒకచోట నిజమైన తాళంగా వాడుకుంది. గర్భిణుల మావిలో ఎర్రకణాలను అంటిపెట్టుకునేలా చేసే వార్-2సీఎస్‌ఏ అనే ప్రొటీన్ మెసెంజర్‌లో అసలు సందేశానికి ముందు ఇలాంటి చదువదగిన భాగం ఒకటి ఉంది. అది ఉన్నంత కాలం మెసెంజర్ ఉన్నా ప్రొటీన్ తయారవదు. పీటీఈఎఫ్ అనే సహాయక ప్రొటీన్ ఉన్నప్పుడు రైబోజోమ్ ఆ చిన్న భాగాన్ని చదివి, రాలిపోకుండా, మళ్లీ ముందుకు నడిచి రెండోసారి ప్రారంభించగలుగుతుంది. అయితే ఈ దృష్టాంతాన్ని మొత్తం జీవికి అన్వయించడం తొందరపాటు. 2014లో రక్త దశల మీద జరిగిన రైబోజోమ్ ప్రొఫైలింగ్‌లో సుమారు పదోవంతు జన్యువుల విషయంలోనే మెసెంజర్ మోతాదుకూ అనువాదానికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించింది. ఎర్రకణంలో ప్లాస్మోడియం చాలావరకు నకలు తీసినంతనే చదువుతుంది. ఆగి ఎదురుచూడటం ఆతిథేయి మారే మలుపుల్లో జరుగుతుంది. లీష్మానియాతో పోల్చినప్పుడు ఇక్కడి తేడా ఇదే.

ఆర్టిమిసినిన్ మందు విషయంలో కూడా ఈ ఎదురుచూపు ఎదురవుతుంది. ఆ మందు తగిలిన వెంటనే పీకే-4 అనే కైనేజ్ ఇఐఎఫ్-2 ఆల్ఫాకు ఫాస్ఫేట్‌ను అతికించి అనువాదాన్ని నిలిపివేస్తుంది. జీవి కొన్నాళ్లు నిద్రాణంగా ఉండి, మందు శరీరంలోంచి పోయాక లేస్తుంది. ఆర్టిమిసినిన్ శరీరంలో నిలిచేది కొద్ది గంటలే కనుక ఈ పడుకుని లేవడం దానికి బాగా కలిసివస్తుంది. పీకే-4ను అడ్డుకునే రసాయనాన్ని ఆర్టిమిసినిన్‌తో కలిపి ఇచ్చిన ప్రయోగాల్లో ఈ తిరిగి లేవడం తగ్గింది. మందుకు లొంగకపోవడాన్ని మనం జన్యుమార్పుల కోణంలోనే చూడటానికి అలవాటుపడ్డాం. మందు ఉన్నంతసేపు ఊపిరి బిగబట్టి ఉండటం కూడా లొంగకపోవడంలో ఒక భాగమేనని ఇది చూపుతోంది.

ఇక జియార్డియా. 1681లో లీవెన్‌హుక్ తన విరేచనంలోనే చూసి రాసిన ఈ పేగు పరాన్నజీవి లీష్మానియాకు సరిగ్గా ఎదురు దారిలో నడిచింది. మన మెసెంజర్లలో టోపీకీ ఏయూజీకీ మధ్య సాధారణంగా వందకు పైగా అక్షరాల దూరం ఉంటుంది. జియార్డియాలో చాలా మెసెంజర్లకు అది పది అక్షరాలు కూడా ఉండదు, కొన్నిటికి ఒక్క అక్షరమే. తడుముతూ నడవడానికి దారే లేదు. దీనిలో 4ఇలు రెండు ఉన్నాయి, వాటిలో ఒకటి టోపీని పట్టి అనువాదానికి తోడ్పడుతుంది. దానికి జోడీ కావలసిన ఇఐఎఫ్-4జి మాత్రం జన్యుపటంలో కనబడలేదు. మధ్యవర్తిని తీసేసి టోపీ దగ్గరే ప్రారంభ సంకేతాన్ని పెట్టుకున్న జీవి ఇది. దీన్ని పరిణామక్రమంలో తొలి దశ అనుకోవడం సులభమే, కానీ పరాన్నజీవులు అవసరం లేని భాగాలను వదిలేసుకుంటూ వస్తాయన్న వివరణకు కూడా ఈ సాక్ష్యం అంతే బాగా సరిపోతుంది. తిండి సిద్ధంగా దొరికే పేగులో, తిత్తి రూపంలో బయటికి వెళ్లి మరో పేగులోకి రావడమే పెద్ద మార్పు అయిన జీవికి ఆరు 4ఇల ఖర్చు అక్కరలేకపోయి ఉండవచ్చు.

ఈ తేడాలకు వైద్యంలో విలువ ఎక్కడిదంటే, ప్రొటీన్ తయారీ యంత్రంలోని ప్రధాన భాగాలు మనకూ ఈ జీవులకూ ఒకటే కావడం వల్ల మందు వాటిని ఆపితే మనల్ని కూడా ఆపుతుంది. తేడా ఉన్న చోటే మందుకు చోటు. లీష్మానియా డోనోవాని కలిగించే కాలా అజార్ జ్వరం బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ జిల్లాలను ఏళ్ల తరబడి పీడించింది. 1903లో ఆ జ్వరానికి కారణమైన జీవిని గుర్తించిన ఇద్దరిలో ఒకరైన చార్లెస్ డోనోవన్ అప్పట్లో మద్రాసులో పనిచేసేవారు. ఇంగ్లండ్ వైపు నుంచి విలియం లీష్మన్ అదే సమయంలో అదే కణాలను వర్ణించారు. ఇద్దరి పేర్లూ కలిపి ఆ జీవికి పేరు పెట్టింది రొనాల్డ్ రాస్. బిహార్‌లో యాంటిమోనీ మందు విఫలమవుతూ వచ్చిన కాలంలో, 2006లో భారతదేశం ఆమోదించిన పారోమోమైసిన్ ఈ జీవి రైబోజోమ్ చిన్న ఖండంలో సంకేతాలను పరీక్షించే చోట అతుక్కుంటుంది. రైబోజోమ్ కూడా మందుకు చోటిచ్చేంత తేడాగా ఉండగలదని దీనితో రుజువైంది, కానీ అది గొలుసు పేనడంలో తప్పులు చేయించే మందు, ప్రారంభాన్ని అడ్డుకునే మందు కాదు.

ప్రారంభానికి సంబంధించిన మందు కోసం చూసేవారికి ఇప్పుడు పటం కొంత చేతికి వచ్చింది. ట్రిపనోసోమాల రైబోజోమ్‌లో పెద్ద ఖండపు పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఆరు ముక్కలుగా తెగి ఉంటుంది, చిన్న ఖండంలో మనకు లేని పెద్ద పొడిగింపులు బయటికి చొచ్చుకొచ్చి ఉంటాయి. 2013లో ట్రిపనోసోమా బ్రూసీ రైబోజోమ్ నిర్మాణం శీతలీకరణ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వెల్లడైనప్పుడు ఈ పొడిగింపులు ఎందుకున్నాయో తెలియలేదు. 2020లో ట్రిపనోసోమా క్రూజీ చిన్న ఖండాన్ని, ప్రారంభానికి సిద్ధమైన స్థితిలోనే, కారకాలన్నిటితో సహా ఆపి చూసినప్పుడు ఆ పొడిగింపుల్లో ఒకటి ఇఐఎఫ్-3ని పట్టి నిలబెడుతున్నట్టు కనిపించింది. దానితోపాటు, మన ప్రారంభ సమూహంలో ఎక్కడా ఉండని డీడీఎక్స్-60 తరహా హెలికేజ్ ఒకటి ఆ చిన్న ఖండం మీద మెసెంజర్ ప్రవేశించే దారిని ఆనుకుని కూర్చుని ఉంది. ఒకే తల ఉన్న వేల మెసెంజర్లు ఒక్కొక్కటిగా లోపలికి వచ్చేది ఆ దారిలోనే.